బండ్ల కథ వ్రాయబోవువారికి

ఆంగ్లమున పిల్లలకొరకు వెలువడు బొమ్మల పుస్తకములలో మాటలాడు వాహనములది ఒక పెద్ద వంశము. 1939లో వర్జీనియా లీ బర్టన్ అను చిత్రకారిణి, మైక్ మల్లిగన్ అను పనివానికిని మేరీ యాన్ అను పేరుగల అతని ఆవిరి త్రవ్వుయంత్రమునకును గల చెలిమిని కథగా అల్లి, ఆ యంత్రమునకు కన్నులను చిరునవ్వును దిద్ది పిల్లలలోకమున కందించినది. అంతకు ముందును తరువాతను రైలింజనులు, లారీలు, ట్రాక్టరులు, అగ్నిమాపక శకటములు ఎన్నియో మనుష్యభాష నేర్చి పసివారి పడకల చెంతకు చేరినవి. నేడు ఆ వంశమున చిరుతిండ్ల బండ్లును పుట్టినవి. అట్టి కథలో ఒక వీథిలో నాలుగు బండ్లు నిలువబూనును. ఉన్న చోటు చాలదు. ఒకదానినొకటి త్రోసికొనును, అలుగును, హారనులు మ్రోగించి అరచుకొనును. తుదకు తలకొక అడుగు వెనుకకు జరిగి, ఉన్నంతలో సర్దుకొని, వచ్చినవారికెల్ల కలిసి వడ్డించును. తోబుట్టువుతో బొమ్మకై పెనగులాడు వయస్సున నున్న బిడ్డకు ఇట్టి కథ మనస్సునకు హత్తుకొనుననుటలో సందేహము లేదు.

ఇట్టి పుస్తకమొకటి తెలుగున రావలెననియు, అది ఏలూరు పేటలలోను, తాడేపల్లిగూడెపు మార్కెటు వీథులలోను, కొల్లేటి లంకలలోను పెరుగు పిల్లల చేతికి అందవలెననియు నేను మనసార కోరుచున్నాను. కాని ఆ కథను ఉన్నదున్నట్లు మన వీథిలోనికి దింపినచో అది అసత్యమగును. మన బండ్లవారు స్థలము పంచుకొనుటను క్రొత్తగా నేర్వవలసినవారు కారు. అది వారికి నిత్యకృత్యము, పొట్టకూటి విద్య. నేర్వవలసినవారు వేరొకరు కలరు: వీథిని కొలిచి గీతలు గీయువారు, ఆ గీతలలో ఎవరికి చోటున్నదో నిర్ణయించువారు, ఆ నిర్ణయములను చూచియు చూడనట్లు నడచిపోవు మనబోంట్లు. పిల్లల పుస్తకమునకు ఇంత బరువైన విషయమేల యని అడుగువారుందురు. ఆ బండ్లు పిల్లలకు ప్రతిదినము కనబడుచునే యున్నవి. రేపవి కనబడనినాడు ఏమైనవని మొట్టమొదట అడుగువారును వారే. ఆ ప్రశ్నకు యోగ్యమైన ఉత్తరము వారి పుస్తకముననే యుండుట న్యాయము.

ఏలూరు పంపకములయందు అనుభవముగల ఊరు. కృష్ణనుండి వచ్చు కాలువయు గోదావరినుండి వచ్చు కాలువయు ఇక్కడనే కలిసికొనును. తమ్మిలేరు ఊరిని ఒరసికొని కొల్లేటికి పోవును. వన్ టౌను, టూ టౌను అని జనము ఊరిని రెండుగా చెప్పుకొందురు. వంతెనలు ఇరుకు, సెంటరులు ఇరుకు, జనమును వాహనములును నానాటికి అధికము. అట్టి ఊరిలో ఏదేని ఒక సెంటరున, దుకాణపు మెట్లకును మురుగుకాలువపై పరచిన పలకకును నడుమనున్న పదడుగుల చోటును తెల్లవారుజాము మొదలు అర్ధరాత్రివరకు గమనించినవారికి, పంచుకొనుట యనగా నేమో ఏ పుస్తకమును చెప్పలేనంత స్పష్టముగా తెలియును.

అయిదు గంటలకు ఇడ్లీ బండి వచ్చును. చక్రము క్రింద రాయి పెట్టి, స్టవ్వు వెలిగించి, ఆలుమగలిద్దరును మాటలాడుకొనకయే పని పంచుకొందురు: ఆమె పాత్ర మూత తీసి, ఆవిరి చెదరకముందే వ్రేలు తడిపి ఇడ్లీని నొక్కి చూచును, ఆయన కాగితముపై ఆకు ముక్క పరచి, అల్లపు చట్నీ ఒకవైపునను పల్లీల చట్నీ ఒకవైపునను వేయును. పదిగంటలకు గిన్నెలు కడిగికొని బండిని ప్రక్కసందులోనికి నెట్టుకొనిపోదురు. ఆ చోటికి చెరకురసపు బండి వచ్చును. వేసవిలో ఆ బండి నీడననే ఒక వృద్ధురాలు గోనెపట్టా పరచి ముంజలు తీసి అమ్మును. చలికాలమున అదే గోనెపై తేగల కట్టలుండును. ఆమెను చెరకుబండివాడు అద్దె అడుగడు. అతడు భోజనమునకు పోయినపుడు వచ్చిన బేరము పోకుండ ఆమె చూచుకొనును. నాలుగింటికి బజ్జీల బండి. శనగపిండిలో వాము నలిపివేసి, వేగిన మిరపకాయ బజ్జీని నిలువున చీల్చి, ఉల్లితరుగును నిమ్మరసమును కూరి చేతికిచ్చుట ఈ సీమలో బండ్ల మర్యాద. ఆ ఉల్లి తాడేపల్లిగూడెపు టోకు మార్కెటునుండి వచ్చినది. మహారాష్ట్రమునుండియు కర్నూలునుండియు లారీలలో గూడెము చేరి, ముఠా కూలీల వీపులమీదుగా కొట్లకెక్కి, చిల్లర వర్తకుల సంచులలో ఊరూర ప్రాకి, తుదకు ఈ బండిమీద తరుగబడినది. చీకటిపడు వేళకు నూడుల్సు బండివాడు వచ్చి, ఇంకను బజ్జీలు వేగుచుండుట చూచి, కొంతదూరమున తన బండిని ఆపును.

"వచ్చేశావా తమ్ముడూ? ఇంకో రెండు వాయిల పిండుంది, కాస్త ఆగు."

"కానీ అక్కా, తొందరేముంది. ఈలోగా నేను క్యాబేజీ తరుక్కుంటా."

ఈ రెండు మాటలలో ఒక పట్టణ ప్రణాళిక యంతయు ఇమిడియున్నది. ఎవరెంతసేపు నిలువవలెను, ఎవరి పొగ ఎవరి ముఖమున కొట్టరాదు, పిండి మిగిలినవారికి ఎంత గడువీయవలెను, నీళ్ల డబ్బాను ఎవరెవరికి అప్పగించి పోవలెను, చిల్లర లేనపుడు ఎవరెవరికి సర్దవలెను అనునవన్నియు అక్కడ వ్రాతలేని ఒప్పందములు. తగవులు లేవని కాదు. క్రొత్తగా వచ్చినవాడు అవే బజ్జీలను అదే వేళకు వేయబూనినచో మాట పెరుగును, ఒక్కొక్కపుడు చేయియు లేచును. అంతట ఆ వరుసలో పాతకాపు ఒకడు నడుమ చేరి, నీవు పునుగులు వేసికొమ్మనియో, కాలువ ఆవలిగట్టున నిలువుమనియో తీర్పు చెప్పును. ఆ తగవును ఆ తీర్పును కూడ పుస్తకమున బొమ్మలుగా వేయవలెను. తగవులేని కథ పిల్లలకు రుచింపదు, రుచింపవలసిన పనియు లేదు.

విదేశపు నమూనాలో చోటు పంచుకొనుట మంచితనమునకు ఫలముగా వచ్చును: పెద్ద బండి మనస్సు కరగి చిన్న బండికి చోటిచ్చును, చిన్న బండి కృతజ్ఞతతో కన్నులు మిలమిలలాడించును. దయ గొప్పదే. కాని పంచుకొనుట యనగా ఉన్నవాడు లేనివానికి జాలితో వదలిపెట్టుటయే యని బిడ్డకు తెలిసినచో, లేనివానికిని ఒక హక్కు కలదను భావము ఆ బిడ్డకు పెద్దయైన పిదపను కలుగుట కష్టము. మన సెంటరులోని పదడుగుల చోటు ఇడ్లీ బండివాని సొత్తు కాదు, నూడుల్సు బండివాని సొత్తును కాదు, ఎదుటనున్న దుకాణదారుని సొత్తు అంతకంటెను కాదు, అది ఊరందరిది. అక్కడ ఎవరును ఎవరికిని దానము చేయుట లేదు, వంతు పాటించుచున్నారు. ఈ భేదమును ఐదేండ్ల బిడ్డ గ్రహింపజాలడనుకొనువారు బడి ఆవరణలో ఉయ్యాలయొద్ద నిలుచున్న పిల్లలను చూతురుగాక. 'నా వంతు' అను మాట వారినోట ఎంత నిబ్బరముగా వచ్చునో వినబడును.

దయమీద ఆధారపడిన చోటు ఎంత అస్థిరమో తెలుపుటకు దూరపు ఉదాహరణ మక్కరలేదు. 2024 జనవరిలో, గుడివాడ ప్రాంతమునుండి హైదరాబాదునకు పోయి మాదాపూరున రోడ్డు ప్రక్కన అన్నము, కూరలు వండి అమ్ముచు 'కుమారి ఆంటీ' అను పేర లోకప్రసిద్ధురాలైన యామె బండియొద్ద జనము క్రిక్కిరిసి రాకపోకలకు అడ్డమగుచున్నదని పోలీసులు ఆమెను ఆ చోటు వదలుమనిరి. ఆ వార్త ఊరూర ప్రాకినది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్వయముగా జోక్యము చేసికొని ఆమెను అక్కడనే వ్యాపారము చేసికొననీయుడని ఆదేశించిరి. ఆమెకు మేలు జరిగినందుకు సంతోషింపనివారెవరు? కాని ఆ వీథిలోనే, మన ఏలూరు వీథిలోను, ఏ కెమెరాయు తన ముఖమువైపు త్రిప్పబడని బండియామె సంగతి యేమి? ప్రసిద్ధి కలవారికి ముఖ్యమంత్రి, లేనివారికి లాఠీ అను పద్ధతి ఎంత సదుద్దేశముతో ప్రారంభమైనను న్యాయము కానేరదు. బొమ్మల పుస్తకములోని పెద్ద బండి దయయు సరిగా ఇట్టిదే. ఆ దయ ఒక పుటలో ఒక చిన్న బండికి దొరకును, పుటకావల నిలుచున్న మిగిలిన బండ్లు ఏమైనవో కథ చెప్పదు.

శాసనము ఈ వంతును గుర్తించియే యున్నది. 1989లో సోదన్ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, వీథిలో వ్యాపారము చేసికొనుట తగు నియంత్రణములకు లోబడి రాజ్యాంగమిచ్చిన వృత్తిస్వేచ్ఛలోనిదే యని పలికినది. పావు శతాబ్దము గడచిన పిదప, 2014లో పార్లమెంటు వీథి విక్రేతల జీవనోపాధి రక్షణకును వీథి విక్రయముల క్రమబద్ధీకరణకును చట్టము చేసినది. ప్రతి పట్టణమున ఒక టౌన్ వెండింగ్ కమిటీ ఉండవలెను. అందు నూటికి 40కి తక్కువ కాకుండ విక్రేతల ప్రతినిధులే ఉండవలెను. ఆ ప్రతినిధులలో మూడవ వంతు స్త్రీలు కావలెను. ఐదేండ్లకొకసారియైనను బండ్లవారిని లెక్కింపవలెను. ఆ లెక్క ముగిసి ధ్రువపత్రము లిచ్చువరకు ఎవరిని తొలగింపరాదు. జనాభాలో నూటికి రెండున్నర మంది వరకు విక్రేతలకు చోటు కల్పింపవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. 2011 జనగణన నాటికే రెండు లక్షలు దాటిన ఏలూరునకు ఆ లెక్క ఐదువేలు దాటును. ఒకే చోటును వేళలవారీగా పలువురు పంచుకొను పద్ధతికిని అందు తావున్నది. అనగా బజ్జీల అక్కయు నూడుల్సు తమ్ముడును ఎన్నడో కుదుర్చుకొన్న ఒప్పందమును ఢిల్లీ చాల ఆలస్యముగా కాగితమున కెక్కించినది. ఇక పురపాలక సంఘములు ఆశీలు వసూలును వేలము వేయుట మన జిల్లాలలో తరతరముల వాడుక. దినదినము ఆశీలు కట్టినవానిని ఆక్రమణదారుడని ఎట్లు పిలుతుము?

ఎదుటి పక్షమువారి మాటలను కొట్టివేయుట నా ఉద్దేశము కాదు. నెలనెలకు అద్దెయు పన్నులును చెల్లించు దుకాణదారుని గుమ్మమున కడ్డముగా బండి నిలిచినచో ఆతని బాధ నిజమైనది. గర్భిణిని కొనిపోవు 108 వాహనము సెంటరులో చిక్కుకొనినచో ఆ నేరమును ఏ పేదరికమును మాపజాలదు. గ్యాస్ సిలిండరును కాగుచున్న నూనెయు జనసమ్మర్దమున ఉండుట ప్రమాదకరము; మిగిలిన నూనెయు ఎంగిలాకులును కాలువలో చేరినచో తొలివాననాడే రోడ్డు మునుగును. కాని ఈ బాధలకు మందు బండిని ఊరి పొలిమేరకు తోలుట కాదు. బండి జనమున్నచోట బ్రతుకును, జనము లేనిచోట నాలుగు దినములలో చచ్చును. బస్సు దిగిన కూలికి పొలిమేరలోని బజ్జీతో ప్రయోజనము లేదు. అహమ్మదాబాదులోని మాణెక్ చౌకులో ఉదయము కాయగూరలు, పగలు బంగారు వెండి వ్యాపారము, రాత్రి తినుబండారములు. ఇండోరులోని సరాఫా బజారులో నగల దుకాణములు మూతపడిన పిదప వాని అరుగులముందే తిండిబండ్లు తెరచుకొనును. నగల వర్తకుడును బండివాడును ఒకే నేలమీద తరములుగా బ్రతుకుచున్నారు. సింగపూరు ప్రభుత్వము వీథిలోని వంటవారిని నీరు, మురుగుపారుదల గల పెద్ద శాలలలోనికి చేర్చినది; 2020లో యునెస్కో ఆ వంటశాలల సంస్కృతిని మానవజాతి వారసత్వములలో చేర్చినది. అవి ధనవంతుల నగరములు, మనకెట్లు చెల్లుననువారికి నా మనవి యొక్కటే: కుళాయి యొకటి, చెత్తకుండీ యొకటి, నేలమీద తెల్లగీత యొకటి పెట్టుటకు సింగపూరు కానక్కరలేదు.

ఇప్పుడు బొమ్మల సంగతి. మాటలాడు వాహనముల కథలలో నాకు తోచు పెద్ద లోపము, వాహనమునకు ముఖము వచ్చినకొలది దానిని నడపు మనుష్యుని ముఖము చెరిగిపోవుట. బర్టన్ ఈ దోషము చేయలేదు. ఆమె కథలో యంత్రమును పనివాడును తుదివరకు జంటగానే ఉందురు, యంత్రమునకు పని తీరిన పిదప పురభవనపు నేలమాళిగలో వారిద్దరికిని చోటు దొరకును. తరువాత వచ్చిన పెక్కు పుస్తకములలో బండియే యజమాని, బండియే వంటవాడు, బండియే వర్తకుడు. ఇంజనుగల వాహనమున ఈ మాయ కొంత చెల్లునేమో, తోపుడుబండికి చెల్లదు. తోసెడివారు లేనిది అది కదలదు. బజ్జీల బండికి కన్నులు గీసి నవ్వించినంతమాత్రమున ఆ బాణలిముందు ఐదుగంటలసేపు నిలుచుండు అక్కయ్య కాళ్లు కనబడకుండ పోరాదు. ఆమె ముంజేతిమీది నూనెచుక్కల మచ్చలు, నడుమునకు చెక్కిన పైట, జల్లిగరిటెను బాణలి అంచున రెండుమారులు తట్టి నూనె వార్చు తీరు, చిల్లర వేసికొను ప్లాస్టిక్ డబ్బా, ఆ డబ్బా ప్రక్కనే బల్లచెక్కపై హోంవర్కు వ్రాసికొను కూతురు: ఇవి చిత్రకారునకు వరములు. ఆ కూతురే ఈ పుస్తకమునకు నాయిక కావచ్చును. బండ్లు మాటలాడినను, ఆ మాటలు వినగలది ఆమె యొక్కతెయే కావచ్చును.

పంచుకొనుట చెడినచో ఏమగునో చూపుటకును మన ప్రాంతముననే పాఠమున్నది. ఆ పాఠము కొల్లేరు. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లమున నిలిచిన ఈ మంచినీటి సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వచ్చి చేరును. నిండిన నీరు ఉప్పుటేటిమీదుగా సముద్రమునకు పోవును. వానలకు నీరు పరచుకొనినపుడు అది లంకల జాలరులది. వేసవిలో నీరు తీసినపుడు బయటపడిన ఒండ్రునేల రైతుది, గేదెలది. ఏడాది పొడుగున పక్షులది. ఒకే నేల, వేళలవారీగా పలువురిది. మన సెంటరులోని పదడుగుల చోటునకు ఇది పెద్దన్న. 1946లో కె. కె. నీలకంఠన్ అను పక్షిపరిశీలకుడు ఈ కొల్లేటి సీమలో గూడబాతుల పెద్ద కాలనీని కనుగొన్ననాడు అక్కడ సుమారు మూడువేల గూడబాతులు గూళ్లు కట్టుకొని యుండెను. 1975 ప్రాంతమునకు ఆ కాలనీ లేకుండ పోయినది.

1970వ దశకమున ప్రభుత్వమే సహకార సంఘములకు సరస్సులో చేపలచెరువులు వేసికొననిచ్చినది. పేదలకు మేలు చేయదలచిన ఏర్పాటే అది. కాని చెరువునకు గట్టు కావలెను. గట్టు వేయుటకు డబ్బు కావలెను. డబ్బు కలవారు లీజులమీద వచ్చిరి. గట్టుమీద గట్టు లేచినది. వంతు పోయినది. వేళలవారీగా అందరిదైన నీరు ఏడాది పొడుగున కొందరిదైనది; వరదనీటికి దారి మూసికొనిపోయి, ఆ నీరు లంకలమీదికి తిరిగినది. 1999లో సరస్సును అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల పట్టికలో చేర్చిరి. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' అని పేరిడి గట్లను కొట్టివేసిరి. అభయారణ్యపు ఎల్లయైన ఐదవ కాంటూరు లోపల ఎవరుండవచ్చును, ఎవరుండరాదు అను వివాదము నేటికిని ఆ గ్రామములలో ఆరని కుంపటి. గట్లు తెగిననాడు పెద్ద లీజుదారుతోపాటు చిన్న సంఘపు జాలరియు నష్టపోయెనను దుఃఖమును మరువరాదు. కొల్లేటియొడ్డున ఆటపాకలో, అటవీశాఖవారు నీటిలో నిలిపిన ఇనుప మంచెలమీద, గూడబాతులును ఎర్రకాళ్ల కొంగలును నేడు చేరువచేరువగా గూళ్లు పెట్టుచున్నవి. ఏ మంచెకు ఎన్ని గూళ్లో అవి ఎట్లు తేల్చుకొనునో గంటలతరబడి చూచినను తనివి తీరదు. పుస్తకమున రెండు పుటలు పరచి ఈ మంచెల బొమ్మ వేసినచో, ఇడ్లీ బండి వరుసకు అది ఎంత చక్కని జోడు!

ఇట్టి పుస్తకమునకు తెలుగున పునాది లేదని యెవరనగలరు? రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి 1945లో 'బాల' పత్రికను వెలయించిరి. 1947 జూలైలో 'చందమామ' ఉదయించినది. మన ప్రాంతపు నరసాపురమున జన్మించిన బాపు, ముళ్లపూడి వెంకటరమణ సృష్టించిన బుడుగునకు రూపమిచ్చి, ఒక తెలుగు పిల్లవాని నిలువెత్తు అల్లరిని నాలుగు గీతలలో పట్టి చూపెను. సోవియట్ దేశమునుండి వచ్చిన రంగుల బొమ్మల పుస్తకములు విశాలాంధ్ర దుకాణములలో అతి తక్కువ వెలకు దొరకుచుండెను. మాస్కో మంచులో బండ్లు నడపు తాతలను చూచి పెరిగిన తెలుగు తరమొకటి కలదు. నేడు తులిక, ప్రథమ్ బుక్స్, మంచి పుస్తకం వంటి ప్రచురణసంస్థలు పసివారికై తెలుగున చక్కని బొమ్మల పుస్తకములు తెచ్చుచున్నవి. వారి శ్రమకు నా నమస్కారము. అయినను ఒక లోటు నా మనస్సును పీడించుచున్నది: మన పుస్తకములలో అడవులున్నవి, రాజులున్నారు, పల్లెలున్నవి, కాలువగట్టు పట్టణము లేదు. లారీ టైరులకు గాలి కొట్టు కుర్రవాడు, గోలీసోడా బండి, గూడెపు ఉల్లి మార్కెటు, చేపలను మంచుగడ్డలలో కప్పి కలకత్తావైపు సాగు ఆకివీటి లారీలు, ఇవేవియు కథకు తగవన్నట్లు ఊరకుండుట తగునా? తన వీథి పుస్తకమున కెక్కుటకు తగినదని తెలిసిన బిడ్డ ఆ వీథిని వేరుగా చూచును.

పుస్తకము వచ్చినంతనే సరిపోదు, అది చేరవలెను. చేర్చు విద్యయు మన పూర్వులకు తెలిసినదే. పాతూరి నాగభూషణముగారు కృష్ణాడెల్టాలో కాలువమీద పడవలో గ్రంథాలయము నడిపిరి. పుస్తకములే పాఠకునివద్దకు తేలివచ్చెను. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయపు సెస్సు 1960 నాటి చట్టము ప్రకారము మనమందరము నేటికిని కట్టుచున్నాము. ఆ సొమ్ములో కొంత జిల్లా గ్రంథాలయ సంస్థ ఇట్టి పుస్తకమునకు వెచ్చించి, దాని ప్రతులను శాఖా గ్రంథాలయములకు, బడులకు, లంకగ్రామముల అంగన్వాడీలకు పంపవచ్చును. నగరపాలక సంస్థ తన టౌన్ వెండింగ్ కమిటీ సమావేశమున ప్రతి సభ్యునియెదుట ఒక ప్రతిని ఉంచినను మేలే. చట్టపు ప్రతి చదువుటకు తీరికలేనివారికి ముప్పదిరెండు పుటల బొమ్మలు చూచుటకు తీరిక దొరకును.

చిత్రకారులకు మాత్రము ఒక విన్నపము. బొమ్మలు పూర్తియై అచ్చునకు పోకముందు, చిత్తుప్రతిని సాయంకాలమున ఆ బండ్లవద్దకే కొనిపోయి, అక్కడ హోంవర్కు వ్రాసికొను పిల్లలచేతికి ఇండు. సిలిండరు గొట్టము తప్పువైపున గీసిన సంగతి, బజ్జీల బండికి ఇడ్లీ పాత్ర తగిలించిన సంగతి, చక్రము క్రింద రాయి మరచిన సంగతి వారు ఒక్క చూపున పట్టుదురు. ఆ అక్కయ్య బొమ్మ మా అమ్మవలె లేదని యెవరైన అన్నచో, ఆ పుటను మరల వేయుడు.